ఉమ్మెయ్యమన్న మందు

మా బావ తనకి ఉబ్బసం నయమైపోయిందని తనే తీర్పు చెప్పుకున్నాడు. డాక్టరు చెప్పలేదు, పరీక్షలు చెప్పలేదు. పూండి నుంచి ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాడు. దిగి, బావిలోంచి ఒక చేద నీళ్ళు తోడి, కాళ్ళు కడుక్కుని, రొప్పు లేకపోవడం చూసుకుని, "ఇంకేటి, తగ్గిపోనాది" అన్నాడు. అక్కడితో కేసు కొట్టేశారు. వాయిదా కూడా వెయ్యలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మాది పలాస. నేను డిగ్రీ అయిపోయి, కనిపించిన ప్రతి పోటీ పరీక్షకీ దరఖాస్తు పెడుతూ, ఏ ఉద్యోగానికీ అడ్డం రాకుండా బతుకుతున్నాను. అక్కని వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినపడే ఊరికి ఇచ్చారు. బావకి కొబ్బరి, జీడిమామిడి తోటలు, తిండికి సరిపడా వరి. జ్వరం వచ్చినా తోటకి వెళ్ళి తగ్గించుకొచ్చే మనిషి. అలాంటివాణ్ణి ఆ చలికాలం ఉబ్బసం మంచం అంచున కూర్చోబెట్టేసింది. పడుకుంటే ఊపిరాడదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేవాడు. ఛాతీలోంచి సన్నగా కూతలు.

"బావా, లోపల పిల్లిని పెంచుతన్నావేటి? పాలు పొయ్యమంటావా?" అన్నాను, చూడ్డానికి వెళ్ళినప్పుడు.

నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. అక్క నావైపు చూసిన చూపుకి, ఆ పిల్లిని నేనే తెచ్చి లోపల వదిలానేమో అనిపించింది.

టెక్కలి డాక్టరు రెండు ఇన్హేలర్లు ఇచ్చాడు. మా వాళ్ళు వాటిని పంపులు అనేవారు. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకోవాలి. గోధుమ రంగుది ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పొద్దునా రాత్రీ పీల్చాలి. పీల్చాక నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఇదంతా పీల్చి చూపించి మరీ చెప్పి, "బాగున్నాను కదా అని మీ అంతట మీరు మానెయ్యొద్దు. నేను చెప్పాలి, మీరు మానాలి" అన్నాడు. బావ తల ఊపాడు. ఆ తలూపుడు నాకు తెలుసు. గట్టు తగువులో పెద్దమనుషులకి ఊపే రకం. ఔననీ కాదు, కాదనీ కాదు, ఇంటికెళ్ళి చూసుకుందాం అని.

బావ మూర్ఖుడని మీరు అనుకునే లోపల ఒక సంగతి చెప్పాలి. ఉద్దానంలో, అంటే సముద్రపు ఒడ్డున ఉన్న ఈ తోటల ఊళ్ళలో, మందంటే ఉండే భయం వేరే ఊళ్ళలో ఉండే భయం కాదు. అక్కడ మనిషికి కాస్త మొహం ఉబ్బితే చాలు, ఇంటిల్లిపాదీ మాట్లాడ్డం మానేస్తారు. కిడ్నీల జబ్బు ఇంటింటికీ తిరిగింది. నీళ్ళన్నారు, ఎరువులన్నారు, మట్టన్నారు, నొప్పి బిళ్ళలన్నారు. దేనివల్లో తేల్చి చెప్పినవాడు లేడు. కారణం తెలియని చోట కనిపించిన ప్రతిదాన్నీ అనుమానించడమే తెలివి. బావ సొంత అన్నయ్య అంతకు ముందు ఏడాదే పోయాడు. డయాలసిస్ కోసం విశాఖపట్నం రైలెక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి మాత్రల సంచీ మనిషి కంటే బరువుగా ఉండేది. ఆ సంచీ మోసింది బావే. అందుకే మందు అన్నమాట వినగానే బావకి ఊపిరితిత్తులు గుర్తుకి రావు, కిడ్నీలే గుర్తుకొస్తాయి.

గోధుమ పంపు మీద అతని అనుమానానికి మరో ఆధారం కూడా ఉంది.

"మందన్నాక మింగమంటాడు. నేదంటే రాసుకోమంటాడు. ఇదేటిరా, పీల్సీసి, పుక్కిలించీసి ఉమ్మీమంటాడు? నోట్లో ఉంచుకోడానికే పనికిరాని మందు లోనకెల్లి ఏటి సేత్తాది? కిడ్నీలకి నోరుందా, ఉమ్మీడానికి?"

నిజం చెప్పొద్దూ, వాదన బాగుంది. మా కాలేజీలో తర్కం చెప్పిన మాస్టారికి కూడా ఇంత పట్టు లేదు. అందుకే పంపు పీల్చిన ప్రతిసారీ ఒక కొబ్బరిబొండాం కొట్టుకుని తాగేవాడు, లోపలంతా కడిగెయ్యడానికి. డాక్టరు ఉమ్మమంటాడు, బావ కడుగుతాడు. ఎవరి జాగ్రత్త వాళ్ళది.

అలా కడుక్కుంటూ కొన్నాళ్ళు పీల్చాడు. చలి తగ్గింది, జీడి పూత వచ్చింది, పిల్లికూతలు పోయాయి, రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోగలిగాడు. అప్పుడే ఆ సైకిలు తీర్పు. తీర్పు తరవాత గోధుమ పంపు ముట్టుకోలేదు. అక్క అడిగితే మాత్రం "పీల్సీసేను" అనేవాడు. అక్క ఊరుకుంది. తరవాత ఒకరోజు గూడు దులుపుతూ పంపు చేతికి తీసుకుని ఊపి చూసింది. కిందటిసారి ఊపినప్పుడు ఎంత బరువుగా ఉందో ఇప్పుడూ అంతే. తాగని పాలగ్లాసు తాగానన్న పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుంది. పట్టుకుని, పక్క ఊళ్ళో ఫోను బూత్‌కి వెళ్ళి మా వీధిలో కిరాణా కొట్టుకి ఫోన్ చేసి నన్ను పిలిపించింది.

"ఒరే, నువ్వు రా. నా మాట ఇనడు. నీ ఏళాకోళమైతే ఇంటాడు."

"ఏటయింది?"

"ఏటీ అవ్వనేదు. అవ్వక ముందే రా."

నాకు ఉద్యోగం లేదన్న సంగతి మా కుటుంబం ఎప్పుడూ మరిచిపోలేదు. వెళ్ళాను.

సాయంత్రం అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. అక్క గోధుమ పంపు తెచ్చి, సాక్ష్యం పెట్టినట్టు, బావ ముందు పెట్టింది. బావ దానికేసి చూడలేదు. కొబ్బరి ఆకుల్లోంచి ఈనెలు చీరుతున్నాడు.

"పీల్సు మావా," అంది అక్క. పెళ్ళికి ముందు నుంచీ బావని మావా అనే పిలుస్తుంది.

"బాగానే ఉన్నాను కదేటే."

"అది పీల్సినావు కాబట్టి బాగున్నావు."

"బాగున్నప్పుడు మందేల? కడుపు నిండినోడికి అన్నం ఒడ్డిత్తావేటి?"

అక్క నాకేసి చూసింది. నన్ను పిలిపించింది ఇందుకే కాబోలు.

"బావా, నీలంది మాత్రం జేబులో ఎట్టుకుని తిరుగుతన్నావు. దానికి లేని పాపం దీనికెందుకు?" అన్నాను.

"నీలంది పని సేత్తాదిరా. పీల్సగానే తెలుత్తాది, గుండెల్లో తలుపు తీసినట్టు. ఇది ఎంత పీల్సినా ఏటీ తెలీదు. పని సెయ్యని కూలోణ్ణి తోటలో రోజూ కూకోబెట్టుకుంటావా?"

"కంచె కూడా ఏ పనీ సెయ్యదు బావా. ఊరికే నిలబడుంటాది. పీకీ మరి."

"పశువులొత్తే కదా కంచె. ఇప్పుడు పశువుల్లేవు."

"కంచె ఉందని రాలేదేమో."

ఈనె చీరడం ఆపాడు. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను.

"పరీక్షలు రాసి రాసి నీకు మాటలొచ్చినాయి గానీ ఉజ్జోగం రానేదు," అని మళ్ళీ చీరడం మొదలుపెట్టాడు.

అప్పుడు అక్క నెమ్మదిగా అంది. "ఈ ఇంట్లో ఒక మనిషి ఎలిపోనాడు. ఇంకో మనిషిని నేనొగ్గను."

బావ కూడా అంతే నెమ్మదిగా అన్నాడు. "అన్నయ్య ఊపిరాడక పోనేదే. మందులు తినీ తినీ పోనాడు. నేను సూసినాను. నువ్వు సూణ్ణేదు."

ఇద్దరిదీ ఒకటే భయం, బావ బతకాలనే. ఒకరు పంపు వైపు నిలబడ్డారు, ఒకరు దానికి ఎదురుగా. మధ్యలో నేను, రెండు పక్కలా చుట్టం. ఆ రాత్రి గోధుమ పంపు గూట్లోకి వెళ్ళిపోయింది. అక్క అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. బావ తిన్నాడు గానీ రుచి చెప్పలేదు.

జీడి కోతల రోజులు కాబట్టి సాయానికని ఉండిపోయాను. సాయమంటే పెద్దగా ఏమీ లేదు, జీడిపిక్కలు ఏరేవాళ్ళ పక్కన నడుస్తూ మాట్లాడ్డం. కానీ కళ్ళు ఖాళీగానే ఉన్నాయి కదా, బావని చూస్తుండేవాణ్ణి. మొదట్లో కొబ్బరికాయల గంప ఎత్తాక నీలం పంపు తీసేవాడు. తరవాత గంప ఎత్తక ముందే తీశాడు. తరవాత పొద్దున్న పళ్ళు తోముకోగానే. జేబు మీద చెయ్యి వేసి ఉందో లేదో చూసుకోవడం కూడా మొదలైంది. ఇది చాలక సాయంత్రానికి నడుం నొప్పి అని కొట్లో దొరికే నొప్పి బిళ్ళ ఒకటి వేసుకునేవాడు. అది మందు కిందకి రాదు ఆయన లెక్కలో. అది బీడీ, చాక్లెట్టు లాంటి సరుకు.

"బావా, కంచె పీకీసి కుక్కనెట్టుకున్నావు. కుక్క రోజంతా అరుత్తంది. ఎందుకరుత్తందో సూడవా?" అన్నాను ఒకరోజు.

"అరవనీ. కుక్కన్నాక అరుత్తాది."

"మొన్న ఒక్కసారే అరిసింది. ఇప్పుడు తిండికి కూడా ఆగట్లేదు."

"నీ సామెతలకి దండంరా బాబూ," అన్నాడు. కానీ ఆ రోజు నా ఎదుట పంపు తియ్యలేదు. చెట్టు చాటుకి వెళ్ళి పీల్చాడు. మనిషి దాచుకుంటున్నాడంటే అతనికీ తెలిసిందన్నమాట.

జీడి తోటల్లో పిక్కలు రాలే ముందు చెట్ల కింద ఎండుటాకు ఊడ్చి కుప్పలు పెడతారు, లేకపోతే రాలిన పిక్క కనపడదు. కుప్పల్ని తగలబెట్టేస్తారు. ఆ ఆకుల్లో నిరుటి పిక్కలు, పుచ్చు పిక్కలు కలిసిపోయి ఉంటాయి. పిక్క తొక్కులో జీడి రసం ఉంటుంది. చర్మం మీద పడితే పొక్కులెక్కించే సరుకు. అది కాలితే వచ్చే పొగ మామూలు పొగ కాదు. పలాసలో పిక్కలు కాల్చే బట్టీల పక్కన పెరిగినవాణ్ణి, నాకే ఆ వాసనకి గొంతులో ముల్లు దిగుతుంది. బావ తోటలో కుప్పలు కాల్చొద్దని అక్క ముందే చెప్పి ఉంచింది. బావ కూడా కాల్చలేదు. కానీ గాలికి గట్లు తెలియవు. ఊడ్పులో వెనకబడ్డ పక్క తోటవాళ్ళు పొద్దున్నే నాలుగు కుప్పలకి నిప్పు పెట్టారు. అప్పటిదాకా సముద్రం మీంచి వస్తున్న గాలి కాసేపు ఆగి, తిరిగి, మా మీదకి పొగని తోసింది.

మేం ఆ తోట పక్క చివరే ఉన్నాం. బావ "పదండెహె, అవతలికి పోదాం" అని అరిచాడు. నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు వెయ్యలేదు. చెట్టు మొదలు పట్టుకుని వంగిపోయాడు. జేబులోంచి నీలం పంపు తీసి నోట్లో పెట్టుకుని నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. నేను దగ్గరికి వెళ్ళేసరికి నాకు వినిపించింది. నొక్కితే చప్పుడొస్తోంది, మందు రావడం లేదు. ఎడాపెడా వాడి దాన్ని ఖాళీ చేసేశాడు, రెండోది కొనలేదు.

పొగలోంచి ఈడ్చుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టాం. ఏరుతున్న ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకామె పడుకోబెట్టమంది. ఒకామె బొండాం నీళ్ళు పట్టమంది. ఇంకొకామె ఉల్లిపాయ వాసన చూపించమంది, ఆ మందు ఫిట్సుకని ఎవరో చెప్తే ఏ జబ్బుకైనా ఒకటేనంది. "కూకోనీండి, గాలాడనీండి" అని నేను అరిచాను. నేను అరవగా వినడం వాళ్ళకి అదే మొదలు, వెంటనే జరిగారు. అక్క ఇంటి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చింది. చేతిలో గోధుమ పంపు. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు.

ఊళ్ళో చేపల బుట్టలు తోలే ఆటో ఒకటుంది. అందులో ఎక్కించాం. టెక్కలి డాక్టరు దగ్గరికా, పలాసకా అన్నాడు డ్రైవరు. "ఏది దగ్గరైతే అది" అంది అక్క. పలాసకే తోలాడు. చేపల నీచు వాసన మధ్య బావ ముందుకి వంగి కూర్చున్నాడు. ఒక చెయ్యి ఆటో కమ్మీ మీద, ఒక చెయ్యి నా మోకాలి మీద. ఆ చెయ్యి మోకాలిని పట్టుకున్న పట్టుకి మర్నాటికి నీలం గుర్తు పడింది. కూతలు ఆటో మోత మీంచి వినిపిస్తున్నాయి.

పూండి దగ్గర రైలు గేటు వేసి ఉంది.

అవతల రోడ్డు కనిపిస్తోంది, ఇవతల మేం. డ్రైవరు దిగి గేటువాడి దగ్గరికి పరిగెత్తాడు. గేటువాడు వచ్చి ఆటోలోకి తొంగిచూసి, మొహం మాడ్చుకుని, "బండి సిగ్నలు దాటీసింది. తియ్యడానికి నేదు. వచ్చీత్తంది, వచ్చీత్తంది" అన్నాడు. పాపం, నిజంగా బాధపడ్డాడు. బాధపడితే గేటు లేవదు.

బావ ఏదో అన్నాడు. ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి. "అది... ఇయ్యి... అది."

గోధుమ పంపు. నెలల తరబడి ముట్టనిదాన్ని ఇప్పుడు అడుగుతున్నాడు. అక్క ఊపి నోటికి అందించింది. పీల్చలేక పీల్చాడు. ఏమీ కాలేదు. మళ్ళీ పీల్చాడు. ఏమీ కాదు. అది అప్పటికప్పుడు ఊపిరి తెచ్చే మందు కాదని డాక్టరు చెప్పాడు, మా అందరికీ తెలుసు, బావకీ తెలుసు. అయినా నాకేసి చూశాడు, నేనేదైనా అంటానేమోనని. నేను పట్టాల వైపు మొహం తిప్పుకున్నాను.

గూడ్సు వచ్చింది. అంత పొడుగు రైలు నేను అంతకు ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాను. మధ్యలో ఎక్కడో కూతలు ఆగిపోయాయి.

తగ్గిందనుకున్నాను. "తగ్గిందే అక్కా" అనబోయి ఆమె మొహం చూశాను. అక్క అరచెయ్యి బావ వీపు మీద ఉంది. లోపల గాలి కదలడం లేదని ఆ చేతికి తెలుస్తోంది. బావ పెదాలు జీడిపిక్క రంగులోకి తిరిగాయి. అప్పటిదాకా ఆ పిల్లికూతల్ని తిట్టుకున్నాను. ఒక్క కూత వినిపిస్తే చాలని ఆ గేటు దగ్గర దేవుళ్ళందరికీ దరఖాస్తు పెట్టాను. అన్ని పరీక్షలకి పెట్టిన అనుభవం ఉంది కదా.

గేటు లేచింది. డ్రైవరు గతుకులు చూడలేదు.

పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఆసుపత్రి మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుని లోపలికి మోసుకెళ్ళారు. ఆక్సిజన్ పెట్టారు, మొహానికి మాస్కు తగిలించి మిషను ఆన్ చేశారు. అందులోంచి మందు తెల్లటి ఆవిరిలా వచ్చింది. చేతికి ఇంజక్షన్లు. ఒక డాక్టరమ్మ స్టెతస్కోపు తియ్యకుండా బావ వీపు మీద పెట్టి నిలబడింది. మమ్మల్ని బయటికి పొమ్మంది, అక్క పోలేదు. ఎంతసేపో తెలియదు. మాస్కులోంచి సన్నగా, పల్చగా, దూరంగా ఒక కూత వినిపించింది. డాక్టరమ్మ స్టెతస్కోపు తీసి, "గాలి వెళ్తోంది" అంది.

అక్క గోడకి చేరబడి కూర్చుండిపోయింది. ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "ఒరే, ఆ ఆటో అతనికి టీ తాగించు" అంది.

మధ్యాహ్నానికి బావ మాస్కు పక్కకి జరిపి మొదటి మాట అన్నాడు. "గేటు... తీసీసాడా?"

"నేదు బావా. ఇంకా అక్కడే ఉన్నాం మనం," అన్నాను. నవ్వాడు. దగ్గు వచ్చింది. ఈసారి అక్క నాకేసి చూడలేదు.

ఇక్కడితో బావ మారిపోయాడని రాస్తే బాగుంటుంది. ఇంటికొచ్చిన మూడో రోజుకే "పొగ వల్లొచ్చినాది. పొగ నేకపోతే ఏటీ అవ్వకపోను" అన్నాడు. గోధుమ పంపు మాత్రం పీలుస్తున్నాడు, అక్క ఎదురుగా నిలబడి చూస్తే. పీల్చి, పుక్కిలించి, ఉమ్మి, వెంటనే బొండాం. భయం ఎటూ పోలేదు. ఇప్పుడు రెండు భయాలయ్యాయి, అంతే.

వారానికి టెక్కలి వెళ్ళాం. డాక్టరు అంతా విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది, బావ తిట్లకి జవాబులు సిద్ధం చేసుకొచ్చాడు. డాక్టరు "ఎందుకు మానేశారు?" అని మాత్రం అడిగాడు. బావ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది.

బావే అన్నాడు. "మా అన్నయ్య కిడ్నీలతో పోనాడు బాబూ. ఈ మందు కిడ్నీలు తినేత్తాదని..." ఆగాడు. "ఉమ్మీమన్నారు కదా మీరు. అంత సెడ్డ మందేమోననుకున్నాను."

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఉమ్మమన్నది నోట్లో పూత రాకుండా, గొంతు పాడవకుండా. ఈ మందు ఊపిరిలో వెళ్ళి ఊపిరితిత్తుల్లో పని చేస్తుంది. డోసు చాలా తక్కువ. కిడ్నీకి దీనితో భయం లేదు. మీ లోపల గొట్టాల వాపు తగ్గించి ఉంచేది ఇదే. నీలంది తలుపు తెరుస్తుంది, వాపు అలాగే ఉంటుంది. నీలంది రోజూ కావాల్సి వస్తోందంటే, అది పని చేస్తోందని కాదు. జబ్బు పెరుగుతోందని." తరవాత అడిగాడు, "ఇంకేమైనా మందులు వాడతారా?"

"ఏటీ నేవు."

"నడుం నొప్పికి బిళ్ళలు," అంది అక్క.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "అన్నయ్యకి కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో మీరు మానాల్సింది ఆ బిళ్ళలు. అవి కిడ్నీకీ మంచివి కావు, కొందరికి ఉబ్బసాన్నీ రేపుతాయి. నన్నడక్కుండా ఇక వాటిని ముట్టుకోకండి."

మా బావ మొహం అప్పుడు చూడాలి. ఇన్నాళ్ళూ కాపలా కాసింది ముందు తలుపు, దొంగ రోజూ పెరటి తలుపులోంచి చుట్టంలా వచ్చి కాఫీ తాగి పోతున్నాడు.

"ఇప్పటికి ఏటన్నా అయిపోనాదేమో, సూడండి బాబూ," అన్నాడు చివరికి.

రక్తం తీశారు. ఫలితం సాయంత్రానికి అన్నారు. బస్సు కాంప్లెక్సు పక్కన టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. రైలు గేటు దగ్గర బావ కళ్ళలో నేను చూడని భయం ఆ బల్ల మీద చూశాను. గేటు దగ్గర అతనికి భయపడే తీరిక లేదు. ఇక్కడ బోలెడంత. పాదాలు చూసుకున్నాడు, వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూశాడు. అన్నయ్య పాదాలకి అలాగే పడేదట. "నాకేటన్నా ఉంటే మీ అక్కకి నువ్వు సెప్పకు. నేను సెప్తాను," అన్నాడు. అక్క పక్కనే కూర్చుని ఉంది. చెప్పే అవసరం లేకుండా వింది.

"సరే బావా, సెప్పను," అన్నాను.

ఫలితం బాగుంది. డాక్టరు కాయితం చూసి, "మీ వయసుకి తగ్గట్టే ఉన్నాయి" అన్నాడు. బావ నమ్మలేదు. ఇంకోసారి చూడమన్నాడు. చూశాడు. అప్పుడు బావ లేచి బయటికి వెళ్ళి కాలవ పక్కన చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. నేను వెళ్ళలేదు. ప్రతి చోటికీ వెళ్ళి ఏదో ఒకటి అనాలని ఎక్కడా రాసి లేదు.

ఆ తరవాత పీల్చాడు. అక్క చూసినా, చూడకపోయినా. బాగున్న రోజుల్లోనే ఎక్కువ శ్రద్ధగా పీల్చేవాడు, కష్టపడి నేర్చుకున్న పాఠం కాబట్టి. ఊళ్ళో ఎవరైనా "తగ్గిపోనాది కదా, ఇంకేలరా ఆ పంపు" అంటే, "తగ్గిందని నీకెవుడు సెప్పినాడు? నాకు తెలీకుండా నువ్వెలా సెప్తావు?" అని తగువు పెట్టుకునేవాడు. వాళ్ళు చేసే వాదన ఒకప్పుడు తనదే. దాని హక్కులు వాళ్ళకి రాసిచ్చేసినట్టు మర్చిపోయాడు.

తరవాతి చలికాలం ఒక్క కూత లేకుండా గడిచింది. జీడి కోతలూ అయ్యాయి, పక్క తోటవాళ్ళు కుప్పలు కాల్చే రోజు అక్క ముందే కనుక్కుని బావని పూండి సంతకి తోలేసింది. వర్షాలు పడ్డాక టెక్కలి వెళ్ళాం. డాక్టరు ఊది చూపించమన్నాడు, వీపు విన్నాడు, నీలం పంపు ఎన్నిసార్లు కావాల్సొచ్చిందో అడిగాడు. అసలు ముట్టుకోలేదని అక్క చెప్పింది.

"బాగుంది," అన్నాడు డాక్టరు. "ఇక డోసు తగ్గిద్దాం. రాత్రిపూట ఒక్కటి చాలు. కొన్నాళ్ళు చూసి, మళ్ళీ ఆలోచిద్దాం."

ఏడాది కిందట ఈ మాట చెప్తే బావ డాక్టరుకి కొబ్బరి గెల పంపేవాడు. ఇప్పుడు కుర్చీలో బిగుసుకుపోయాడు.

"ఏల తగ్గించడం?"

"మీరు బాగున్నారు కదా."

"బాగున్నప్పుడు మానీకూడదని మీరే కదా సెప్పినారు!"

"మానెయ్యమనట్లేదండీ. నేను చూసి, కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నాను. మీ అంతట మీరు ఆపడం వేరు, ఇది వేరు."

బావ తల ఊపాడు. ఆ తలూపుడే. బయటికొచ్చి మెట్ల మీద నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"ఒరే, మందు తగ్గించమంటన్నాడంటే నాకు లోన ఏదో అయిపోయినట్టుంది. నాతో సెప్పట్లేదు. నువ్వెల్లి అడుగు."

"ఏటి అడగాలి బావా?"

"అసలు సంగతి అడుగు."

అక్క మెట్లు దిగి ముందుకెళ్ళిపోతోంది. వెనక్కి తిరక్కుండానే అంది, "రాత్రిపూట ఒకటి పీల్సు మావా. నేను సూత్తాను."

"ఒకటేనా?" అన్నాడు బావ.

"ఒకటే."

"ఏటన్నా అయితే?"

"ఏటన్నా అయితే మల్లీ ఆ డాక్టరు దగ్గరికే ఎల్దుం. నువ్వు నేనూ తీర్పులు సెప్పద్దు."

బస్సు వస్తోందని అక్క పిలిస్తే బావ మెట్లు దిగి వెళ్ళాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పలాస దాకా గట్టిగా ఊపిరి పీల్చి వదులుతూ, ప్రతి ఊపిరినీ అనుమానంగా వింటూ వచ్చాడు. అన్నీ మామూలుగానే వస్తున్నాయి. అదే అతనికి నచ్చలేదు.